రెండు మాటల క్రియలు

మనలో చాలామందిమి ఈ దేశం వచ్చేనాటికే ఇంగ్లీషు వచ్చినవాళ్ళం. ఇంగ్లీషులో పాఠాలు చదివాం, పరీక్షలు రాశాం, ఉద్యోగాలకు అర్జీలు పెట్టుకున్నాం. ‘ఇన్వెస్టిగేట్’, ‘పోస్ట్‌పోన్’, ‘టాలరేట్’, ‘సరెండర్’ వంటి మాటలు మనకు కొట్టిన పిండి. తీరా ఇక్కడికి వచ్చాక ఆసుపత్రి వార్డులోను, ఫ్యాక్టరీలోను, బస్సులోను, పక్కింటి గోడ దగ్గరా వినబడిన ఇంగ్లీషు వేరుగా ఉంది. ఇక్కడి జనం మాటల్లో ‘ఇన్వెస్టిగేట్’ కంటే ‘లుక్ ఇంటూ’ ఎక్కువ. ‘పోస్ట్‌పోన్’ బదులు ‘పుట్ ఆఫ్’, ‘టాలరేట్’ బదులు ‘పుట్ అప్ విత్’, ‘సరెండర్’ బదులు ‘గివ్ ఇన్’ వాడతారు. లుక్, పుట్, గివ్ అన్నవి మనం మొదటి ఇంగ్లీషు వాచకంలోనే నేర్చుకున్న మాటలు. ఇన్, ఆఫ్, అప్ అన్నవి అంతకంటే చిన్నవి. విడివిడిగా అన్నీ తెలిసినవే. కలిపి అన్నప్పుడే అర్థం చేజారిపోతుంది.

వ్యాకరణవేత్తలు వీటికి పెట్టిన పేరు ‘ఫ్రేజల్ వెర్బ్’. తెలుగులో రెండు మాటల క్రియ అందాం. ఒక చిన్న క్రియ, దాని వెనుక ఒక చిన్నమాట. ఇవి మనకు ఎందుకు కొరుకుడు పడవో తెలియాలంటే రెండు చరిత్రలు తెలియాలి. ఒకటి ఇంగ్లీషు భాషది, రెండవది ఆ భాష మన ఊళ్ళకు వచ్చిన దారిది. ఆ రెండూ తెలిస్తే మన పిల్లల తెలుగు గురించి కూడా ఒక మాట బోధపడుతుంది.

ముందున్న మాట వెనక్కి వెళ్ళిన వైనం

సంస్కృతంలో ఉపసర్గ ధాతువుకు ముందు చేరి అర్థాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుతుంది. ఒకే ‘హృ’ ధాతువు నుంచి ఆహారం, విహారం, సంహారం, పరిహారం పుట్టాయి. సుమారు వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో కూడా చాలావరకు ఇదే పద్ధతి. చిన్నమాట క్రియకు ముందే అతుక్కొని ఉండేది. ఆ కాలపు ఆనవాళ్ళు ‘అండర్‌స్టాండ్’, ‘ఓవర్‌కమ్’, ‘విత్‌స్టాండ్’ వంటి మాటల్లో నేటికీ మిగిలాయి. ‘విత్‌స్టాండ్’లోని ‘విత్’కు ‘తోడుగా’ అని అర్థం కాదు, ‘ఎదురుగా’ అని. ఆ రోజుల్లో దాని అసలు అర్థం అదే.

క్రమంగా ఆ చిన్నమాట ముందు నుంచి ఊడి క్రియకు వెనుక చేరింది. ఇది మనకు మరీ వింత కానక్కరలేదు. సంస్కృతంలో ఉపసర్గ ధాతువుకు ముందే రావాలని చెప్పిన పాణిని, వేదభాషలో అది తరువాత కూడా రావచ్చుననీ, మధ్యలో వేరే మాటలు అడ్డం పడవచ్చుననీ కూడా సూత్రాలు రాశాడు. సంస్కృతమూ ఇంగ్లీషూ దూరపు చుట్టాలే కనుక ఈ పోలికకు ఆశ్చర్యపోనక్కరలేదు.

ఇంగ్లీషులో ఈ మార్పుకు ఉత్తరాది నుంచి కొంత ఊతం దొరికింది. 793లో లిండిస్‌ఫార్న్ మఠంపై దాడితో మొదలై, 865లో పెద్ద సేనతో దిగి, డేన్‌లు ఈ దేశపు తూర్పు, ఉత్తర భాగాల్లో స్థిరపడ్డారు. మనవాళ్ళు ఎందరో కాపురముంటున్న డార్బీ, గ్రిమ్స్‌బీ వంటి ఊళ్ళ పేర్లలోని ‘బీ’ వాళ్ళ భాషలో ఊరికి పేరు. యార్కు నగరంలో వీధుల పేర్ల చివర వచ్చే ‘గేట్’ కూడా వాళ్ళదే. దానికి అర్థం తలుపు కాదు, వీధి. వాళ్ళు విడిచి వెళ్ళినవి ఊళ్ళ పేర్లే కాదు. ‘టేక్’, ‘గెట్’, ‘కాల్’ వంటి క్రియలు వాళ్ళ భాష నుంచే వచ్చాయి. చిన్నమాటను క్రియకు వెనుక పెట్టడం వాళ్ళకు అలవాటు. ఇంగ్లీషులో అప్పటికే తలెత్తుతున్న ఆ పద్ధతికి ఇరుగుపొరుగు వాడుక బలం చేకూర్చింది. ఈ బలం ఎంత అన్నదానిపై పండితుల్లో భేదాభిప్రాయాలున్నా, పాలు ఉందని చాలామంది ఒప్పుకుంటారు.

ఇందుకు మంచి సాక్ష్యం పీటర్‌బరో మఠంలో సన్యాసులు 1154 దాకా రాసుకుంటూ వచ్చిన వృత్తాంత గ్రంథం. 1132వ సంవత్సరం కింద అందులో ఒక కథ ఉంది. ఫ్రాన్సు నుంచి వచ్చిన హెన్రీ అనే మఠాధిపతి అక్కడొక మఠం, ఇక్కడొక మఠం చేజిక్కించుకోవాలని చూశాడు. చివరకు రాజు అతని చేత పీటర్‌బరో పదవి వదిలింపజేసి దేశం నుంచి పంపించివేశాడు. పదవి వదులుకోవడానికి ఆ సన్యాసి వాడిన మాట ‘గివ్ అప్’, నాటి వర్ణక్రమంలో. ఈ రోజు మన పిల్లలు లెక్క రాక ‘ఐ గివ్ అప్’ అంటే, తొమ్మిది వందల ఏళ్ళ కిందటి మాటనే అంటున్నారన్నమాట.

గడపకు ఇవతల, అవతల

1066లో నార్మన్‌లు ఈ దేశాన్ని జయించారు. ఆపైన సుమారు మూడు వందల ఏళ్ళు దర్బారులో, కచేరీలో ఫ్రెంచి, చర్చిలో, విద్యలో లాటిను చెల్లాయి. ఇంగ్లీషు పొలంలో, వంటింట్లో, సంతలో మిగిలింది. న్యాయస్థానాల్లో వాదనలు ఇంగ్లీషులో జరపాలని 1362లో ఒక చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని రాసింది కూడా ఫ్రెంచిలోనే!

ఆ కాలంలోనూ, ఆ తరువాత గ్రీకు లాటిను విద్య పెరిగిన కాలంలోనూ వేలకొద్దీ మాటలు ఇంగ్లీషులోకి వచ్చిపడ్డాయి. ఆ విధంగా ఒక్కొక్క పనికి రెండేసి మాటలు ఏర్పడ్డాయి. మేడ మెట్లెక్కితే ‘గో అప్’, సింహాసనం ఎక్కితే ‘అసెండ్’. ఇంట్లో నిప్పు ఆర్పితే ‘పుట్ అవుట్’, నోటీసు బోర్డు మీద ‘ఎక్స్‌టింగ్విష్’. చదువుకున్నవాడి మాట ఒకటి, చదువు లేకున్నా అందరి నోటా ఆడే మాట ఒకటి. తెలుగువాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ‘భోజనం’, ‘కూడు’ రెండూ మన భాషలోనే ఉన్నాయి. ఏది పెళ్ళి పత్రికలో వేస్తామో, ఏది పొలంలో అంటామో మనకు ఎవరూ నేర్పలేదు.

1755లో నిఘంటువు ప్రకటించిన శామ్యూల్ జాన్సన్ ఈ రెండు మాటల క్రియలను గుర్తించి, విదేశీయులకు ఇంగ్లీషులో అన్నింటికంటే కష్టం కలిగించేవి ఇవేనని పీఠికలో రాశాడు. వీటిని ప్రత్యేక శ్రద్ధతో సేకరించానని కూడా చెప్పుకున్నాడు. తన రచనల్లో బరువైన లాటిను మాటలు గుప్పిస్తాడని పేరుపడ్డవాడు ఇలా అనడం గమనించదగ్గది. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరును వాడుకలోకి తెచ్చింది 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన పుస్తకం. ఆ పేరు తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పాడు.

1930లో సి.కె. ఆగ్డెన్ అనే మేధావి ‘బేసిక్ ఇంగ్లిష్’ అని ఒక పథకం ప్రకటించాడు. 850 మాటలు నేర్చుకుంటే చాలు, ప్రపంచంలో ఎవరైనా ఇంగ్లీషులో పని జరుపుకోవచ్చునన్నాడు. అందులో క్రియలు పద్దెనిమిదే. 1943లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ చర్చిల్ కూడా ఈ పథకాన్ని మెచ్చుకున్నాడు. కాని పద్దెనిమిది క్రియలతో వేల క్రియల పని చేయించడం ఎలా? గెట్, పుట్, టేక్, గో వంటివాటి వెనుక చిన్నమాటలు చేర్చి! ఇంగ్లీషు ఉగ్గుపాలతో నేర్చినవాళ్ళకు ఇది సులువే. బయటివాళ్ళకు మాత్రం ఒక్కొక్క కలయిక ఒక్కొక్క కొత్త మాట. మాటల లెక్క తగ్గింది గాని నేర్చుకోవలసిన బరువు తగ్గలేదు. ఆక్స్‌ఫర్డ్‌వారు 1975లో, లాంగ్‌మన్‌వారు 1983లో, కాలిన్స్‌వారు 1989లో ఇలాంటి క్రియలకే పెద్ద పెద్ద నిఘంటువులు వేయవలసి వచ్చిందంటే ఆ బరువు ఎంతో ఊహించవచ్చు.

మన ఊరికి వచ్చిన ఇంగ్లీషు

ఇక రెండవ చరిత్ర. 1835 ఫిబ్రవరి 2న మెకాలే తన ప్రసిద్ధమైన నివేదిక రాశాడు. మార్చిలో బెంటింక్ ప్రభుత్వం ఇంగ్లీషు చదువుకే తన డబ్బు అని తీర్మానించింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో విశ్వవిద్యాలయాలు వెలిశాయి. తెలుగు జిల్లాల విద్యార్థులు మద్రాసు పరీక్షలకు కూర్చున్నారు. ఇంగ్లీషు మనకు వచ్చింది వాచకం ద్వారా, ప్రశ్నపత్రం ద్వారా, కలెక్టరు కచేరీ దస్తావేజుల ద్వారా, కోర్టు తీర్పుల ద్వారా. అర్జీలోనూ తీర్పులోనూ ఉండే ఇంగ్లీషు పైన చెప్పిన లాటిను ఇంగ్లీషే. దాన్నే మన తాతలు కష్టపడి నేర్చారు. మన తండ్రులు దాన్నే మనకు అప్పగించారు. ఆ ఇంగ్లీషులో ఎవరూ బిడ్డకు స్నానం చేయించలేదు, పొయ్యి వెలిగించలేదు, కూరగాయలు బేరమాడలేదు. ఆ పనులన్నీ తెలుగులోనే జరిగిపోయేవి. రెండు మాటల క్రియలు బతికేదేమో సరిగ్గా ఆ పనుల్లోనే.

అందుచేతనే మన ఇంగ్లీషు తన దారిన తాను పెరిగింది. ‘పోస్ట్‌పోన్’కు వ్యతిరేకంగా మనవాళ్ళు ‘ప్రిపోన్’ అన్న మాట వాడుకలోకి తెచ్చారు. చక్కని మాట, లాటిను లెక్కకు సరిపోయేదే. ఇక్కడివాళ్ళు అదే పనికి ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటారు. అక్కరలేని చోట చిన్నమాట తగిలించడం కూడా మనకు అలవాటే. ‘కోప్ విత్’ చాలునన్నచోట ‘కోప్ అప్ విత్’ అంటాం. కాలేజీ చదువు ముగించడాన్ని మనం ‘పాస్ అవుట్’ అంటాం. ఇక్కడ ఆ మాటకు మామూలుగా తెలివితప్పి పడిపోవడమని అర్థం. ‘గుంటూరులో పాస్ అవుట్ అయ్యాను’ అంటే వినేవాళ్ళు మన ఆరోగ్యం గురించి ఆందోళన పడతారు!

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కాని నవ్వుతో పోని చోట్లు ఉన్నాయి. 1948 జూలై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవ, 1960 దశకం నుంచి మన దేశపు డాక్టర్ల మీద ఎంతగా ఆధారపడిందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. 1975లో జనరల్ మెడికల్ కౌన్సిల్ విదేశాల్లో చదివిన వైద్యులకు వృత్తి జ్ఞానంతోపాటు ఇంగ్లీషులో కూడా పరీక్ష పెట్టింది. రోగి భాష మాత్రం ఏ వైద్య గ్రంథంలోనూ ఉండదు. వాంతి అయితే ‘త్రో అప్’ అంటాడు. ఒళ్ళంతా దద్దుర్లు లేస్తే ‘కమ్ అవుట్’ అంటాడు. మోకాలు బాధపెడుతుంటే అది ‘ప్లేయింగ్ అప్’. మందు ప్రభావం తగ్గిపోతే ‘వేర్ ఆఫ్’. తెలివి వస్తే ‘కమ్ రౌండ్’. డాక్టరు మాటల్లోనూ అంతే. ఉప్పు ‘కట్ డౌన్’ చేయమంటే తగ్గించమని, ‘కట్ అవుట్’ చేయమంటే పూర్తిగా మానేయమని. ఒక మందు ‘గో ఆన్’ అయితే మొదలుపెట్టడం, ‘కమ్ ఆఫ్’ అయితే ఆపడం. ఆన్, ఆఫ్, డౌన్, అవుట్ అన్న నాలుగు చిన్నమాటల మీద ఒక మనిషి ఆరోగ్యం ఆధారపడుతుంది. ఇది డాక్టర్లకే కాదు, ఊరి నుంచి వచ్చి మన దగ్గర ఉండి ఇక్కడి డాక్టరు దగ్గరకు వెళ్ళే అమ్మానాన్నలకూ వర్తిస్తుంది. పక్కన కూర్చొని తెలుగు చేసి చెప్పేవాళ్ళకు ఈ తేడా తెలిసి ఉండాలి.

నేర్చుకునే దారి

బజారులో దొరికే పుస్తకాలు చాలావరకు క్రియను బట్టి జాబితాలు ఇస్తాయి. ‘గెట్’ కింద ముప్పై, ‘టేక్’ కింద ముప్పై. అలా కంఠస్థం చేస్తే వారం తిరిగేసరికి అన్నీ కలగాపులగమవుతాయి. చిన్నమాట వైపు నుంచి చూస్తే పని తేలిక. దానికి మన తెలుగే సాయం చేస్తుంది. సంస్కృతానికి ఉన్నట్టు తెలుగుకు సొంత ఉపసర్గల వ్యవస్థ లేదు. అయితే క్రియ వెనుక ఇంకో క్రియను చేర్చి అర్థం మార్చడం తెలుగు సొత్తు. వేయు, పోవు, పడు, పెట్టు, కొను అన్నవి మనకు చేసే పనిని ఇంగ్లీషుకు అప్, ఆన్, అవుట్, ఆఫ్, డౌన్ చేస్తాయి.

‘అప్’ అన్నది చాలాచోట్ల పని పూర్తయిందని చెబుతుంది. ‘ఈట్ అప్’ అంటే తినేయ్, ‘డ్రింక్ అప్’ అంటే తాగేయ్, ‘యూజ్ అప్’ అంటే వాడేయడం. ‘ఆన్’ పని సాగుతోందని చెబుతుంది. ‘రీడ్ ఆన్’ అంటే చదువుతూ పో, ‘గో ఆన్’ అంటే కానివ్వండి. ‘అవుట్’ గుట్టు బయటికి రావడం. ‘ఫైండ్ అవుట్’, ‘టర్న్ అవుట్’ అన్నచోట మనం బయటపడింది, తేలింది అంటాం. ‘ఆఫ్’ తెగిపోవడం, విడిపోవడం. ‘కట్ ఆఫ్’ తెగ్గొట్టడం, ‘పే ఆఫ్’ అప్పు తీర్చేయడం. ‘డౌన్’ నెమ్మదించడం. ‘కామ్ డౌన్’ అంటే చల్లబడు, ‘సెటిల్ డౌన్’ అంటే కుదుటపడు, స్థిరపడు. మన ‘పడు’కూ అసలు అర్థం కిందికి రావడమే కదా. మనిషి చనిపోతే ఇక్కడ మర్యాదగా ‘పాస్ అవే’ అంటారు. మనం ‘పోయారు’ అంటాం. రెండు చోట్లా మనిషి వెళ్ళిపోవడమే.

అన్నీ ఇలా వరుసకు రావు. ‘పుట్ అప్ విత్’ వంటివాటిని ఉన్నవి ఉన్నట్టు వాక్యంతో సహా నేర్వవలసిందే. వాడేటప్పుడు మాత్రం ఒక నియమం గుర్తుంచుకోవాలి. ‘ఇట్’, ‘దెమ్’ వంటి సర్వనామం వస్తే కొన్ని క్రియలు దాన్ని మధ్యలో ఇముడ్చుకుంటాయి, కొన్ని వెనక్కి నెడతాయి. ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాలి, ‘పుట్ ఆఫ్ ఇట్’ అనరాదు. ‘లుక్ ఇంటూ ఇట్’ అనాలి, ‘లుక్ ఇట్ ఇంటూ’ అనరాదు. ఏది ఏ జాతిదో తెలుసుకోవడానికి చెవే గురువు. ‘పుట్ ఆఫ్’లో ఒత్తు ‘ఆఫ్’ మీద పడుతుంది. ‘లుక్ ఎట్’లో ‘లుక్’ మీద పడుతుంది. చిన్నమాటను ఒత్తి పలికితే అది సాధారణంగా క్రియ నుంచి విడిపోగలిగినదని గుర్తు.

మన పిల్లలు, మన జంట క్రియలు

పై చిక్కులేవీ మన పిల్లలకు లేవు. ‘గెట్ అవే విత్’ అన్నా, ‘మేక్ అప్ ఫర్’ అన్నా వాళ్ళు నిఘంటువు చూడరు. ఆటస్థలంలోనే నేర్చారు. ఇప్పుడు వాళ్ళ తెలుగు వైపు చూద్దాం. ‘కొట్టు’ అంటే తెలుసు. ‘కేసు కొట్టేశారు’, ‘పర్సు కొట్టేశాడు’, ‘నా మాట కొట్టిపారేశాడు’ అంటే ఎవరు ఎవరిని కొట్టారని అడుగుతారు. ఇక్కడి వాడుకలో ‘నాక్ ఆఫ్’ అంటే దొంగిలించడమనే అర్థం కూడా ఉందని గుర్తుచేస్తే వెంటనే గ్రహిస్తారు. ‘చేయి’ తెలుసు, ‘చేసుకో’ తెలుసు. ‘చేయి చేసుకున్నాడు’ అంటే తెలియదు. ‘ఎత్తిపొడుస్తుంది’, ‘నెట్టుకొస్తున్నాం’, ‘కనిపెట్టి ఉండు’ అంటే అసలే తెలియదు. బామ్మ ఫోనులో ‘వెళ్ళొస్తాను’ అంటే ఎక్కడికి వెళ్ళి ఎప్పుడు వస్తుందని అడిగేవాళ్ళున్నారు. మనకు ఇంగ్లీషు ఏ వైపు నుంచి అందలేదో, వాళ్ళకు తెలుగు సరిగ్గా ఆ వైపు నుంచే అందడం లేదు.

దీనికి మన పూర్వులు ఒక దారి చూపారు. 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు పాఠశాలల తనిఖీ అధికారికి ఒక సందేహం వచ్చింది. బడి పుస్తకాల్లోని తెలుగు, జనం మాట్లాడే తెలుగు ఇంత వేరుగా ఎందుకున్నాయన్నది ఆ సందేహం. అది పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తిగారి దగ్గరకు చేరింది. దాని మీద ఆలోచిస్తూ ఆయన వ్యావహారిక భాషోద్యమానికి నడుం కట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. నోటి మాటే భాషకు మూలమనీ, చదువు అక్కడి నుంచి మొదలు కావాలనీ ఆయన వాదించారు. మన తెలుగు తరగతుల్లో మాత్రం అక్షరాలు, గుణింతాలు, నాలుగు పద్యాలు అయ్యాక పిల్లలకు జాబితాల వారీగా నామవాచకాలు నేర్పుతున్నాం. ‘పుష్పం’, ‘వృక్షం’ చెప్పగల పిల్లవాడికి ‘పూలు రాలిపోయాయి’, ‘చెట్టు కొట్టేశారు’ చెప్పడం రాదు. మనకు మద్రాసు పరీక్షలవారు నేర్పిన ఇంగ్లీషు వంటిదే మనం వాళ్ళకు నేర్పుతున్న తెలుగు.

మా సూచన ఒక్కటే. ఇంట్లో వారానికి ఒకసారి పిల్లలు ఒక రెండు మాటల ఇంగ్లీషు క్రియను వాక్యంతో సహా మనకు చెప్పాలి. బదులుగా మనం ఒక తెలుగు జంట క్రియను అలాగే వాక్యంతో సహా వాళ్ళకు చెప్పాలి. ‘గెట్ బై’కి ‘నెట్టుకొచ్చు’, ‘గివ్ అప్’కి ‘చేతులెత్తేయు’, ‘హ్యాంగ్ అప్’కి ‘ఫోన్ పెట్టేయ్’. రెండు నోటుబుక్కులు చాలు. పెద్దవాళ్ళు నేర్చుకుంటూ కనబడితే పిల్లలకూ నేర్చుకోవాలన్న బుద్ధి పుడుతుంది. మీ ఇళ్ళలో కుదిరిన జతలను రాసి పంపితే తెలుగు తరగతి ఉపాధ్యాయులకు పనికివస్తాయి. పాఠ్యపుస్తకాల్లో ఇవి అంత తేలిగ్గా దొరకవు. ఇవి తెలిసిన పెద్దలు మన ఇళ్ళలో ఉన్నప్పుడే రాసిపెట్టుకోవడం మంచిది.